తలుపు తియ్యకే, పిల్లా!

కేకల అత్తయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. తెర మీది మనుషులకు తన మాట వినబడదంటే చచ్చినా ఒప్పుకోదు.

ఆవిడ చేసేది కుట్టుపని. దుకాణం సినిమా హాలుకు ఎదురుగానే. హత్యల సినిమా వచ్చిందంటే మెళ్లో కొలతల టేపు వేలాడుతుండగానే మ్యాట్నీకి వచ్చేసి, చివరి నుంచి రెండో వరుసలో కూర్చుని గొంతు విప్పేది. ఆ కేకకు వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఒకసారి తెర మీది హంతకుడు తడబడి కత్తి జారవిడిచాడని కూడా అంటారు. చూసినవాళ్ళున్నారు.

ఇదేమీ తెలియని కొత్త మేనేజరు మొదటిరోజు హాల్లో అడుగుపెట్టాడు. సినిమా సగం వాన, సగం నీడ. మిగిలిందేమైనా ఉంటే సిగరెట్ పొగ.

“ఒసేయ్ పిల్లా! తలుపు తియ్యకే! మెట్ల మీద నిలబడ్డాడు! కోటు ఎడమపక్క ఉబ్బెత్తుగా ఉంది, తుపాకీ అక్కడే దాచాడు సచ్చినోడు!”

మేనేజరుకు పై ప్రాణాలు పైనే పోయాయి. హాల్లోనే ఎవరినో పొడిచేస్తున్నారనుకుని లైట్లన్నీ వేసేశాడు.

“ఆర్పవయ్యా!” అని జనం అరిచారు.

“చూశావా బాబూ? నువ్వు లైట్లేసి నన్ను ఆపేసరికి వాడు లోపలికి దూరిపోయాడు,” అంది అత్తయ్య.

ఇంటర్వెల్‌లో మేనేజరు చేతులు జోడించాడు. “అత్తయ్యగారూ, సస్పెన్స్ సినిమా అండీ. నిశ్శబ్దంగా చూడాలి.”

“కళ్ళెదుట ఒకదాన్ని చంపుతుంటే నోరు మూసుకోమంటావా? మనిషివేనా?”

“వాళ్ళకి మీ మాట వినబడదండీ!”

“మా ఇంట్లోవాళ్ళకీ వినబడదు. మానేశానా?”

ఆ పైన పాఠం చెప్పింది. ఈ రకం సినిమాల్లో వాన మొదలైతే శవం తేలుతుంది. వానలో తడిసినా జుట్టు చెదరని ఆడమనిషిని నమ్మకూడదు. కాలరు మాసినవాడు మంచివాడు, ఇస్త్రీ నలగనివాడే హంతకుడు. మేనేజరు నోరెళ్ళబెట్టాడు. ఆవిడ ముందు సీట్లో, కుర్చీలు అల్లే పెద్దాయన ఒక్కడే కూర్చుని ఇదంతా వింటూ నవ్వుకుంటున్నాడు. హాలు లోపల కూడా నల్లకళ్ళద్దాలు! సినిమా డిటెక్టివును చూసి ముసలాయనకు మోజు పుట్టిందనుకున్నాడు మేనేజరు.

ఇంతలో హాలు యజమాని కబురు పెట్టాడు. ఆయన సాక్షాత్తు మేనేజరుకు పిల్లనిచ్చిన మామగారు. “శనివారం మ్యాట్నీకి వస్తున్నా అల్లుడూ. హాల్లో గోల వినబడితే సోమవారం నుంచి నా పిండిమిల్లులో కూర్చుందువుగాని.”

మేనేజరుకు పిండి వాసన సోకితే చాలు, తుమ్ములు ఆగవు. అత్తయ్య దుకాణానికి పరిగెత్తాడు. “ఒక్క ఆటకి నోరు కట్టుకోండి. నా బతుకు మీ నోట్లో ఉంది.”

అత్తయ్య కత్తెర పక్కన పెట్టి, హాలు వైపు ఓసారి చూసింది. “ఒక్క ఆటే కదా?” అంది.

శనివారం ఆవిడ పెదాల మధ్య వరసగా గుండుసూదులు బిగించుకుని వచ్చి కూర్చుంది, బట్టలు కుట్టేటప్పటిలాగే. కిక్కురుమనలేదు. మామగారు బాల్కనీలో ఉన్నారు. మేనేజరు ధైర్యం చేసి పెద్దాయన పక్కన కూలబడ్డాడు.

చివరి ఘట్టం వచ్చింది. తెర మీద మాట లేదు, సంగీతం లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడొక్కటే.

“పక్కనెవరైనా ఉన్నారా నాయనా?” అన్నాడు పెద్దాయన మెల్లగా. “ఆ అడుగులు ఎవరివి? పిల్ల తలుపు తీసేసిందా?”

మేనేజరు తల తిప్పాడు. సీటుకు ఆనించి తెల్లకర్ర ఉంది. తెర వైపు చూడటానికే అతనికి భయం. అయినా చూసి చెప్పడానికి తంటాలుపడ్డాడు. “ఒకడు మెట్లెక్కుతున్నాడండీ. టోపీ ఉంది. చేతిలో... అమ్మో!”

“చేతిలో ఏముంది?”

“చూళ్ళేదండీ.”

“నీకూ చూపు లేదా నాయనా?”

“ఉందండీ. భయమేసి కళ్ళు మూసుకున్నా.”

వెనక నుంచి గుండుసూదులు జలజలా రాలాయి.

“తలుపు తియ్యకే, పిల్లా! వాడు డిటెక్టివు కాదే! డిటెక్టివు కోటుకి రెండో గుండీ ఊడిపోయింది, వీడికి అన్నీ ఉన్నాయి! నీ మొగుడే! చేతిలో కత్తి!”

హాలంతా కెవ్వుమంది. మేనేజరు ముక్కుకు పిండి వాసన తగిలి తుమ్మొచ్చింది.

ఆట వదిలాక మామగారు ధుమధుమలాడుతూ మెట్లు దిగారు. “ఇంతసేపూ ఆవిణ్ని ఆపిన మొనగాడెవడు అల్లుడూ? ఆ చీకట్లో ఎవడు ఎవణ్ని చంపుతున్నాడో నాకొక్క ముక్క అర్థం కాలేదు!”

మేనేజరు వెనక్కి తిరిగి హాల్లోకి పరిగెత్తాడు. సూదులు ఏరుకుంటున్న అత్తయ్య దగ్గరికి వెళ్ళాడు. “మీ అరుపులు ఆ పెద్దాయన కోసమని ముందే చెప్పొచ్చు కదండీ?”

“ష్! తెలిస్తే రేపట్నుంచి రాడు. ఒకరి సాయమంటే ఆయనకి గిట్టదు. నాది నోటితీట అనుకుంటే నాకేం అరిగిపోయింది?”

మేనేజరు పెద్దాయన్ను గేటు దాకా సాగనంపాడు. పెద్దాయన అతని చెవి దగ్గరికి వంగాడు. “ఆవిణ్ని మళ్ళీ ఆపకు బాబూ. నాకు సినిమాలంటే పెద్ద పిచ్చేం లేదు. ఆ గొంతుకి దడిసి చుట్టుపక్కల ఎవరూ కూర్చోరు. పాపం, ఒక్కతే అయిపోతుందని వస్తున్నా. ఈ మాట ఆవిడకి తెలియనివ్వకు.”

సినిమా మొత్తంలో తగలని దెబ్బ మేనేజరుకు అక్కడ తగిలింది. తిన్నగా కుట్టు దుకాణానికి వెళ్ళాడు.

“అత్తయ్యగారూ, ఓ నాలుగు గుండుసూదులు ఇప్పించండి.”

“నీకెందుకు బాబూ?”

మేనేజరు సూదులు అందుకున్నాడు. వాటిని జాగ్రత్తగా పెదాల మధ్య బిగించుకుని, హాల్లోకి వెళ్ళిపోయాడు.