ఊళ్ళోకి వెళ్ళే బండి

మా తమ్ముడు కొత్త కారు కొన్నాడు. రాయ్‌పూర్‌లో ఇప్పుడు ఎవరు కొన్నా అలాంటిదే కొంటున్నారు. ఎత్తుగా, తెల్లగా, సందులో సగం తనే ఆక్రమించేలా ఉంటుంది. గేరు పక్కన గుండ్రటి మీట ఒకటుంది. దాని మీద కొండ బొమ్మ, ఇసుక బొమ్మ, బురద బొమ్మ. "ఎలాంటి రోడ్డయినా దీనికి లెక్కలేదక్కా" అంటూ మీట తిప్పి చూపించాడు. అప్పుడే వాన వెలిసింది. చెప్పులతో కాలు లోపల పెట్టబోతుంటే, "ఒక్క నిమిషం రుకో అక్కా" అని వెనక సీట్లోంచి పాత న్యూస్ పేపరు తీసి నా కాళ్ళ కింద పరిచాడు.

బురద బొమ్మ వేసుకున్న కారులో తడి చెప్పులకి చోటు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు చేరేదాకా ఆ పేపరు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. వాడు నాకు చలేస్తోందేమో అనుకుని ఏసీ తగ్గించాడు.

పాపం, వాణ్ణి అని లాభం లేదు. దొరికేదే వాడు కొన్నాడు. నా కోపం వీటిని తయారుచేసి, మట్టిరోడ్డు పేరు చెప్పి అమ్మేవాళ్ళ మీద. మట్టిరోడ్డు మీద బతికేవాడు ఏడు జన్మలెత్తినా కొనలేని ధర పెడతారు. కప్పుకి అద్దం, సీటుకి గాలి, డ్యాష్‌బోర్డు మీద టీవీ. అద్దంలోంచి ఆకాశం చూసుకుంటూ బురదలో దిగబడి కూర్చోమనా? ఒకప్పుడు మనలాంటివాళ్ళు కొనుక్కోగల చిన్న జీపులు ఉండేవి. అవి ఎవరికి అడ్డొచ్చాయో తెలీదు, తయారీ మానేశారు.

నేను నర్సుని. మాది గోదావరి జిల్లా నుంచి రైల్వే ఉద్యోగంతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబం. నాన్న గూడ్సు బళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో నేను ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరాను. ప్రతి గురువారం మేము పల్లెల్లో క్లినిక్ పెట్టేవాళ్ళం. నా వాటాకి వచ్చిన ఊరు మందిర్ హసౌద్ దాటాక ఎడమకి తిరిగి, తారు రోడ్డు అయిపోయిన చోటి నుంచి ఇంకో నాలుగు కిలోమీటర్లు. మధ్యలో ఒక వాగు. అంతా నల్లరేగడి. కన్హార్ అంటారు ఇక్కడ. ఎండలో ఇనుము, వానలో జిగురు.

ఆసుపత్రి వ్యాను ఎండాకాలం మూలుగుతూ వెళ్ళేది. జూలై వస్తే వెళ్ళేది కాదు. రిజిస్టరులో ఆ మూడు నెలలూ గురువారం గురువారం ఒకటే మాట, "వర్షం వల్ల రద్దు". జ్వరాలు వచ్చేది వర్షంలో. నీళ్ళ విరేచనాలు వర్షంలో. పాము కరిచేది వర్షంలో. మేము మాత్రం వర్షం వల్ల రద్దు. రెండేళ్ళు ఆ మాట నా చేత్తో నేనే రాశాను. మూడో ఏడు రాయనని నాన్నతో అన్నాను.

నాన్న నాలుగు రోజులు వెతికి సిల్తారా నుంచి ఒక చిన్న పెట్రోలు జీపు పట్టుకొచ్చారు. అక్కడి ఫ్యాక్టరీలో పనులు చేసే కాంట్రాక్టరు వాడి వాడి వదిలేసింది. తెల్లదని కాగితాల్లో ఉంది గాని, స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీ మసి పట్టి బొగ్గు రంగులో వచ్చింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి నాన్నా నేనూ కూర్చుని బకెట్లకి బకెట్లు పోసి కడిగాం. ఎంత కడిగినా ఏదో ఒక సందులోంచి మసి రాలుతూనే ఉండేది. పండరీ బట్టల బజారులో మందపాటి ఖాకీ గుడ్డ తెచ్చి సీట్లకి నేనే కుట్టాను. తమ్ముడు అప్పుడు కాలేజీలో ఉండేవాడు. ఫ్రెండ్సు చూస్తారని వాళ్ళ సందులోకి దాన్ని తీసుకురావద్దని చెప్పాడు.

ఆ బండిలో ఏముందని అడిగితే ఏమీ లేదనే చెప్పాలి. అదే దాని గొప్పతనం. నేల రేకు, కాళ్ళతో ఎంత బురద తెచ్చినా ఒక బకెట్టు నీళ్ళతో పోయేది. బానెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి కింద రోడ్డు కనబడేది, ఏది ఎక్కడుందో నాకు కూడా అర్థమయ్యేది. చెడిపోతే మూడు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు. దాన్ని వేస్తే నాలుగు చక్రాలూ తిరిగేవి. దానికి ముందు ఎవరో ఒకరు కిందికి దిగి, ముందు చక్రాల మధ్యనున్న బిళ్ళలు చేత్తో తిప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, అది తేలిక. కన్హార్‌లో బరువున్నదే దిగబడుతుంది. పెద్ద బండి బలమంతా తనని తాను మోసుకోవడానికే సరిపోతుంది. నా బండి బురద మీద నడిచి వెళ్ళిపోయేది.

బిళ్ళలు తిప్పే పని నాన్నది. రిటైరయ్యాక ఇంట్లో తోచక గురువారం గురువారం నాతో వచ్చేవారు. ముందు సీట్లో కూర్చోమంటే ఒక్కసారి కూడా కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు బండికి చివర కూర్చున్న మనిషి, ఎదురుగా వచ్చే రోడ్డు చూస్తే ఆయనకి కళ్ళు తిరిగేవి. వెనక తలుపు తీసుకుని ఎక్కి, మందుల పెట్టెల పక్కన అడ్డంగా ఉన్న బెంచీ మీద కూర్చునేవారు. ఎక్కేముందు చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు చక్రాలూ తట్టేవారు. తలుపు గడియ రెండుసార్లు లాగి చూసేవారు. అంతా అయ్యాక "రైట్" అనేవారు. ఆ మాట వినబడకుండా నేను క్లచ్ వదలకూడదు. ఒకసారి మర్చిపోయి కదిలిస్తే, "గార్డు చెప్పకుండా బండి కదులుతుందా, ఏం డ్రైవరువమ్మా నువ్వు?" అని దారంతా సాధించారు.

ఏడు వానాకాలాలు వెళ్ళాం. రిజిస్టరులో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. వాగు పొంగిన రోజు ఒడ్డున ఆగి, నీళ్ళు తగ్గాక దాటేవాళ్ళం. అంతేగాని వెనక్కి రాలేదు. ఆ ఊళ్ళో నాకు ఒక బబా ఉండేవాడు. బబా అంటే వాళ్ళ భాషలో తాత. షుగరు మనిషి, కుడికాలి బొటనవేలి కింద మానని పుండు. వారం వారం నేను కట్టు మార్చేదాన్ని, మధ్య రోజుల్లో కోడలికి నేర్పాను. "బబా, దీనికి మట్టి తగలకూడదు" అని ప్రతిసారీ చెప్పేదాన్ని. జూన్ వచ్చేసరికి పుండు రూపాయి బిళ్ళంత నుంచి బఠాణీ గింజంతకి వచ్చింది. ఇంకో రెండు నెలలు చాలనుకున్నాను.

అదే జూన్‌లో ఎవరో దాత ఆసుపత్రికి పెద్ద కారు ఇచ్చాడు. రిబ్బను కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ప్రార్థన కూడా చేయించారు. రెండువైపులా దాత పేరు, నా చెయ్యంత అక్షరాలు. మర్నాడు కొత్తగా వచ్చిన మేనేజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. సిబ్బంది భద్రత కోసం ఇకమీదట క్లినిక్‌కి సొంత బళ్ళు వాడకూడదు, చదివినట్టు సంతకం పెట్టండి. "సిస్టర్, ఆప్‌కీ గాడీ మ్యూజియంలో పెట్టాలి" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు ఇంతవరకూ మింగుడు పడలేదు. అయినా సంతకం పెట్టాను.

మొదటి గురువారమే ఆ ఏనుగు తారు రోడ్డు దిగిన రెండొందల అడుగుల్లో ఇరుసుల దాకా కూరుకుపోయింది. ఊరివాళ్ళు ట్రాక్టరు తెచ్చి లాగారు. పెయింటు గీసుకుపోయిందని మేనేజరు గగ్గోలు పెట్టాడు. ఆ తర్వాత వారం నుంచి కొత్త పద్ధతి. కారు తారు రోడ్డు మీదే ఆగుతుంది, కావాల్సినవాళ్ళు వచ్చి చూపించుకుంటారు. అంటే బండి ఊరికి వెళ్ళదు, ఊరే బండి దగ్గరికి రావాలి. నాలుగు కిలోమీటర్లు మోకాలి లోతు బురదలో నడిచి రాగలిగినవాడికి నాతో ఏం పని? నా అవసరం ఉన్నవాళ్ళు రాలేనివాళ్ళు. ఆ మాట మేనేజరు గదిలోకి వెళ్ళి అన్నాను. "పేషెంట్ల సంఖ్య బాగానే ఉంది కదా సిస్టర్" అన్నాడు.

బబా వచ్చాడు. కర్ర పట్టుకుని, కట్టు చుట్టూ ఎరువుల సంచి ముక్క తాడుతో బిగించుకుని వచ్చాడు. విప్పితే లోపలంతా నల్ల మట్టి. కడుగుతూ ఆయన మీద అరిచాను. అరవాల్సింది ఆయన మీద కాదని తెలుసు, ఎదురుగా దొరికింది ఆయనే. "ఇలా నడిచి రావద్దు. కాలు పోతుంది. రావద్దంటే రావద్దు" అన్నాను. బబా తలూపి, "గాడీ నఇ ఆవయ్ కా దీదీ?" అని అడిగాడు, బండి ఇక రాదా అని. నేను కొత్త కట్టు బిగించాను.

ఇంటికొచ్చి నాన్నతో అన్నాను, ఆదివారం మన బండి వేసుకుని వెళ్దామని. సెలవు రోజు, సొంత బండి, ఎవరేమంటారు? నాన్న ఒప్పుకోలేదు. "కాగితం మీద సంతకం పెట్టావు కదమ్మా. సెలవైతే మాత్రం, సూది పట్టుకుంటే నువ్వు ఆసుపత్రి సిస్టర్‌వే. రేపు ఏదైనా గడ్‌బడ్ అయితే ఆ కాగితమే చూపిస్తారు. సిగ్నల్ లాల్ ఉంది, ఆగాలి." రైల్వే ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకి ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు. అన్నం ముందా స్నానం ముందా అనేది కూడా మా ఇంట్లో రూలు ప్రకారమే. నేను ఆగాను. నాన్న జీపు మీద టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా తాళ్ళు కట్టేశారు.

నడిచి వెళ్ళొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. తారు రోడ్డు దగ్గర వరసలో నలభైమంది ఉండేవారు, కారు మూడింటికల్లా వెనక్కి తిరగాలి, నాకు కుదరలేదు. ఇవన్నీ నిజాలే. ఒక్కటీ సరిపోదు.

బబా మళ్ళీ రాలేదు. కోడలు ఒకసారి వచ్చి మాత్రలు తీసుకెళ్ళింది. బాగానే ఉన్నాడంది. దసరా వెళ్ళాక, దారి ఆరుతున్న రోజుల్లో, ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి బబాని తీసుకొచ్చారు. దూరం నుంచే వాసన వచ్చింది. మూడు వేళ్ళు నల్లబడి ఉన్నాయి, ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. కోపంతో, భయంతో "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు బబా?" అని అడిగాను. "తుమన్ మనా కరే రహేవ్ దీదీ" అన్నాడు. మీరే వద్దన్నారుగా అని. నింద లేదు ఆ గొంతులో. మర్యాదగా, మందు వేళకి వేసుకున్నానని చెప్పినట్టు చెప్పాడు. నేను చెప్పినది చెప్పినట్టు విన్నాడు ఆయన, మా నాన్న చెప్పినది నేను విన్నట్టే.

పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆ సంగతి నాన్నకి చెప్పినప్పుడు ఆయన మధ్యాహ్నం అన్నం తింటున్నారు. కంచంలో చెయ్యి కడిగేసుకుని వెళ్ళి వరండాలో కూర్చున్నారు.

బబాని ఇంటికి పంపించాక వచ్చిన గురువారం నేను సెలవు పెట్టాను. పొద్దున్న లేచి చూస్తే నాన్న టార్పాలిన్ తాళ్ళు విప్పుతున్నారు. గుడ్డ తీసేసరికి ఇంత మసి రాలింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా. చుట్టూ తిరిగి చక్రాలు తట్టారు. మా ఇంటి ముందు సిమెంటు రోడ్డే, అయినా వంగి ముందు చక్రాల బిళ్ళలు రెండూ తిప్పారు. వెనక ఎక్కి కూర్చుని గడియ రెండుసార్లు లాగారు. నేను ఇంజను స్టార్టు చేసి ఆయన మాట కోసం చూస్తున్నాను. ఆయన అనలేదు. అద్దంలో చూస్తే చేతి గడియారం వంక చూస్తున్నారు.

"కొన్ని లైన్లలో ఒక రూలుందమ్మా" అన్నారు చివరికి. "సిగ్నల్ ఎర్రగా ఉన్నా సరే, పగలైతే ఒక నిమిషం ఆగి, కూత వేసి, చూసుకుంటూ మెల్లగా ముందుకి వెళ్ళొచ్చు. అలా పోనివ్వకపోతే వెనకొచ్చే బళ్ళన్నీ అక్కడే ఆగిపోతాయి. అది కూడా పుస్తకంలో ఉన్న రూలే. నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

నిమిషం అయ్యాక హారన్ కొట్టాను. "రైట్" అన్నారు.

తర్వాత మేనేజరు మెమో ఇచ్చాడు. రెండేళ్ళకి నేనే ఆ ఆసుపత్రి వదిలేశాను. దాత పేరున్న కారు ఇప్పటికీ మెరుస్తూ తిరుగుతోంది, తారు మీద. నా జీపుకి విడిభాగాలు దొరకడం మానేశాయి. మెకానిక్ పాత ఇనుములో వెతికి తెస్తున్నాడు. అమ్మేయమని తమ్ముడు ప్రతి పండక్కీ చెప్తాడు. అమ్మను.

ఆ గురువారం వాగు దాటి, గట్టు ఎక్కి, ఎప్పుడూ ఆపే బడి దగ్గర ఆపకుండా సందులోకి తిప్పి, బబా గుమ్మం ముందు ఆపాను. అంత ఇరుకు సందులో కూడా పట్టింది, చిన్నది కదా. బబా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడుకి తలెత్తి, నవ్వి, లోపలికి వినబడేలా కోడలితో "గాడీ ఆ గిస్" అన్నాడు, బండి వచ్చేసిందని. అలవాటు కొద్దీ కర్ర అందుకుని లేవబోయాడు.