ఎల్‌కేజీలో నా ఒక్క పూట

మా ఊరి బడిలో ఎల్‌కేజీ గది తలుపు మీద ఒక బోర్డు ఉంది. ‘తండ్రులు లోపలికి రాకూడదు’ అని ఎర్ర రంగుతో రాయించారు. తల్లుల ఊసు అందులో లేదు. తాతల ఊసూ లేదు. పిల్లల్ని కొత్తగా చేర్చడానికి వచ్చినవాళ్లు అది చూసి, తండ్రులేం పాపం చేశారని ఆశ్చర్యపోతారు. తండ్రులేమీ చేయలేదు. చేసింది నేను. కొందరి జ్ఞాపకార్థం ఊళ్లో బస్సు షెల్టర్లు వెలుస్తాయి. నా జ్ఞాపకార్థం వెలిసింది అదొక్కటే. ఎలా వెలిసిందో చెబుతాను, స్థిమితంగా కూర్చుని చదవండి. ఎవరి మీదా జాలిపడాల్సిన అవసరం రాదు, ముఖ్యంగా నా మీద.

అప్పటికి నేను చేపల పెంపకంలో ఎమ్మెస్సీ చేసి, తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటలు తవ్వించి, వరసగా రెండు పంటలు బాగా తీసి ఉన్నాను. దాంతో ప్రపంచంలో నాకు తెలియనిదంటూ ఏదీ మిగల్లేదన్న అభిప్రాయానికి వచ్చాను. రెండు పంటలు బాగా వచ్చిన రొయ్యల రైతుతో మీరెప్పుడైనా మాట్లాడారా? మాట్లాడకండి.

వేసవి సెలవులు చివరికొచ్చాయి. ఇంట్లో పిల్లలిద్దరూ మామిడిపండ్ల రసం మోచేతుల దాకా కారి, అదే ఎండి, తలుపు తాకితే తలుపుకి అతుక్కుపోయే స్థితిలో ఉన్నారు. పెద్దవాడు చరణ్ రెండో తరగతికి వెళ్లాలి. వాడికి బడి అంటే ప్రేమ లేదు, భయమూ లేదు; పాత ఉద్యోగిలా ఆవలిస్తూ వెళ్లి ఆవలిస్తూ వస్తాడు. చిన్నది చిన్ని ఆ ఏడే ఎల్‌కేజీలో చేరబోతోంది. అప్పటిదాకా వాళ్లమ్మ చీర కొంగు వదిలి వీధి మలుపు దాటి ఎరగదు.

మా ఆవిడ హైమ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, పిల్లల వల్ల ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. ఎంత ప్రయత్నిస్తేనో నెల్లూరులో ఒక రక్త పరీక్షల కేంద్రంలో ఉద్యోగం దొరికింది. సరిగ్గా బడులు తెరిచే సోమవారమే చేరాలి. “మొదటి రోజే సెలవడిగే పనైతే ఇప్పుడే చెప్పమ్మా, ఇంకొకరిని చూసుకుంటాం” అని అక్కడి మేనేజరు మర్యాదగానే చెప్పాడట. అంటే ఆ సోమవారం పూట చిన్ని తల్లి లేకుండా బడిలో నిలవాలి. నిలిస్తే హైమకి ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

“అమ్మని బుచ్చిరెడ్డిపాలెం నుంచి రమ్మంటా బావా. బిడ్డ కుదురుకునేదాకా నాలుగు రోజులు ఉండిపోతాది” అంది హైమ, ఆ రాత్రి అన్నాల దగ్గర.

“అత్త ఎందుకు? నేను లేనా?”

“నువ్వుండావు. అదే నా భయం.”

మా అత్త నాకు మేనమామ భార్య కూడా. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ నన్ను ఎరిగిన మనిషి కాబట్టి నా ఎమ్మెస్సీ మీద ఆవిడకి సరైన అంచనా ఉంది. వచ్చిందంటే టీవీ రిమోటు ఆవిడ ఒళ్లోకి చేరుతుంది. పైగా నా పొట్ట వైపు ఒకసారి చూసి, “పంట బాగా వచ్చినట్టుండాదే అబ్బయా” అంటుంది. ఈ రెండింటినీ తప్పించుకోవడానికి నేను శాస్త్రాన్ని ఆశ్రయించాను.

“రొయ్య పిల్లల్ని హేచరీ నుంచి తెచ్చి నేరుగా గుంటలో కుమ్మరిస్తే ఏమవుతాది?” అన్నాను, కలిపిన ముద్దని గాల్లో ఆపి.

“అన్నం తిను బావా.”

“చచ్చిపోతాయి. అందుకే వాటిని తెచ్చిన సంచుల్ని ముందు అట్నే గుంటలో తేలేస్తాం. తర్వాత మూతి విప్పి, గుంట నీళ్లు కొంచెం కొంచెం లోపలికి పోస్తాం. నీళ్లు అలవాటైనాక సంచి వంచితే వాటికవే ఈదుకుంటా పోతాయి. ఏడవ్వు. మా అమ్మ యాడ అని అడగవు.”

“అయితే బిడ్డని సంచిలో పెడతావా?”

“సంచి అంటే నేను. గుంట అంటే బడి. బడి తెరిచేలోగా దాన్ని రోజూ తీసుకుపోయి అలవాటు చేస్తా. సోమవారం అదే ఈదుకుంటా పోతాది.”

చరణ్ పప్పన్నంలోంచి తలెత్తాడు. “మరి నేను బడికి పోయినప్పుడు సంచి ఎవురు?”

“నిన్ను అట్నే కుమ్మరించినాం. బతికినావు గదా, గమ్మున తిను” అంది హైమ.

నా పథకంలోని లోపం మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది. చరణ్‌కి కూడా కనిపించిందని తర్వాత తెలిసింది. నాకు మాత్రం కనిపించలేదు. నేను గుంట గట్టు మీద కుర్చీ వేసుకుని, నీళ్లలోకి చూస్తూ, నా తెలివికి నేనే మురిసిపోతూ ఉండిపోయాను.

మరునాడు పొద్దున్నే చిన్నిని తీసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ మస్తానయ్య బయటికొచ్చాడు.

“బడి తెరవలేదు సార్.”

“తెలుసు. ఊరికే నిలబడేదానికి వచ్చినాం.”

“నిలబడేదానికా? ఈ ఎండలోనా?” అని ఆయన గేటు తెరిచి, “లోపల నీడుండాది, అక్కడ నిలబడండి” అన్నాడు.

“వద్దు. ఈరోజుకి గేటు దాకే.”

చదువుకున్నవాళ్ల రోగాలతో మనకెందుకన్నట్టు ఆయన లోపలికి వెళ్లిపోయాడు. మేం పద్ధతి ప్రకారం చెమటలు కారేదాకా నిలబడి ఇంటికొచ్చాం. తర్వాతి రోజు ఆవరణ దాకా, ఆ తర్వాత వరండా దాకా వెళ్లాం. వరండాలో మస్తానయ్య మేకపిల్ల ఉంది. సెలవుల్లో దాని కాపురం అక్కడే. చిన్ని దానికి ఆకులు తినిపించింది, చెవులు పట్టుకుని ముద్దులు పెట్టింది. ఆ వారం చివరికి ఎల్‌కేజీ గదిలోకి కూడా ప్రవేశించాం. చిన్ని తిన్నగా వెళ్లి టీచరు కుర్చీలో కూర్చుని, స్కేలుతో బల్ల మీద కొట్టి, “నువ్వు బెంచీలో కూసో” అంది నాతో. కూర్చున్నాను. పద్యం చెప్పమంది. చెప్పాను. తప్పు చెప్పానని చేయి చాపమంది. చాపాను. మేకపిల్ల నా పక్క బెంచీ దగ్గర నిలబడి నాకన్నా శ్రద్ధగా పాఠం వింది.

ఫలితం అద్భుతంగా వచ్చింది. చిన్ని తెల్లారకముందే లేచి, “బడికి పోదాం లెయ్యి నాన్నా” అని నా కనురెప్పలు వేళ్లతో విప్పేది. దాని హుషారంతా వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. కింద ‘శాస్త్రీయ పద్ధతి’ అని రాశాను కూడా. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. మా అత్త మాత్రం వాయిస్ మెసేజ్ పెట్టింది.

“బిడ్డ బాగుండాది. బడి బాగుండాది. పిలకాయలేరబ్బయా?”

“పిలకాయలు బడి తెరిచినాక వస్తారత్తా” అని జవాబిచ్చి, పక్కన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మ ఒకటి పెట్టాను. ఆ బొమ్మ ఇప్పటికీ గ్రూపులో భద్రంగా ఉంది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు చరణ్ వెతికి తీసి మరీ చూపిస్తాడు.

సోమవారం వచ్చింది. హైమ ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, వాకిట్లో ఆగింది.

“బావా, ఒక్క పూట. దాన్ని ఒక్క పూట నిలబెట్టు చాలు.”

“నువ్వు వెనక్కి చూడకుండా బస్సెక్కు” అన్నాను, ఆడపిల్లని అత్తారింటికి పంపే పెద్దమనిషి గొంతుతో.

చిన్ని నా చెయ్యి కూడా పట్టుకోకుండా, ముందు తనే నడుస్తూ గేటు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. లోపల కొత్తగా చేరిన పిల్లలంతా రకరకాల శ్రుతుల్లో ఏడుస్తున్నారు. ఒకడు గేటు ఊచలు పట్టుకుని వేలాడుతున్నాడు. ఒకతె నేల మీద పడుకుని దొర్లుతోంది.

“వీళ్లంతా ఎవురు నాన్నా?”

“నీ ఫ్రెండ్సమ్మా.”

“మన బడికి ఎందుకొచ్చినారు?”

నేను వంగి దాని బూట్ల లేసులు మళ్లీ కట్టడం మొదలుపెట్టాను.

“మేక యాడ?”

మేకపిల్లని ఆ పొద్దున్నే మస్తానయ్య ఇంటికి తోలేశాడు. ఆ సంగతి చెప్పే ధైర్యం లేక లోపలికి తీసుకెళ్లాను. చిన్ని మొహం ముడుచుకుని, ఏడుస్తున్నవాళ్లని పక్కకి తోసుకుంటూ పోయి, తన కుర్చీలో తను కూర్చుంది. వసంత టీచరు మంచి మనిషి. వంగి, బుగ్గ నిమిరి, “ఇది టీచర్ కుర్చీ బంగారూ” అంది.

“నాది. నువ్వు పోయి మా నాన్న పక్కన కూసో.”

టీచరు నా వైపు చూసింది. అప్పటికే నేను అలవాటు కొద్దీ బెంచీలో కూర్చుని ఉన్నాను. మోకాళ్లు చెవుల దాకా వచ్చి, ఉడికిన రొయ్యలా వంకర తిరిగి ఉన్నాను. టీచరు దానికి ఏదో బొమ్మ ఆశ చూపించి కుర్చీలోంచి దించి, నా పక్కన కూర్చోబెట్టింది.

“ఇంక మీరు బయల్దేరండి సార్.”

లేవబోయాను. చిన్ని నా చొక్కా పట్టుకుంది. “బెల్లు కొట్టలా. కూసో.”

ఇంటి దగ్గర మాట ఇచ్చి వచ్చాను కదా, పూట నిలబెడతానని. కూర్చున్నాను. అసలు సర్వనాశనం ఇక్కడ మొదలైంది. పక్క బెంచీలో ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఆగిన పిల్లాడొకడు నన్ను ఎగాదిగా చూశాడు. వాడికి ప్రపంచంలోని అన్యాయమంతా ఒక్కసారిగా అర్థమైంది.

“ఆ పాప వాళ్ల నాన్న ఉండాడు. మా నాన్న గూడా కూసోవాల.”

ఈ మాట గదంతా పాకింది. అంతవరకు ఎవరికి తోచిన ఏడుపు వాళ్లు ఏడుస్తున్నవాళ్లు, ఇప్పుడు ఒకే డిమాండు మీద ఏకమయ్యారు. కిటికీ బయట తచ్చాడుతున్న తండ్రులకి ఆ పిలుపు వినిపించింది. బట్టల కొట్టు ఖాదర్ బాషా ముందుగా లోపలికొచ్చి, “ఏందన్నా, ఈ యేడు మనం గూడా కూసోవాల్నా?” అని అడిగాడు నన్ను. జవాబు కోసం ఆగకుండా వాళ్లబ్బాయి పక్కన ఇరుక్కున్నాడు. ఆయన వెనకే ఇంకొకరు, ఆయన వెనక మరొకరు వచ్చారు. చూస్తుండగానే ఎల్‌కేజీ గదిలో మీసాల సంఖ్య పెరిగిపోయింది. ఎవరి తండ్రి ఆ సరికే పనికి వెళ్లిపోయాడో ఆ పిల్లలు మాత్రం బడి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చారు. ఖాదర్ బాషా ఫోన్లో ఎవరికో లంగా గుడ్డ ధర చెబుతుంటే, వసంత టీచరు ఆయన్ని రెండుసార్లు, “క్లాసులో మాట్లాడకూడదు” అని మందలించింది. నేను నవ్వాను. నన్నూ మందలించింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి గుమ్మంలో నిలబడి, గది నిండా ఉన్న విద్యార్థుల్ని చూశారు. వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి వెళ్లి హైమకి ఫోన్ చేశారు. ఆ సంభాషణ హైమ నాకు చాలాసార్లు వినిపించింది కాబట్టి కంఠతా వచ్చు.

“అమ్మా, మీరొకసారి బడికి రావాలి.”

“పాప ఏడుస్తుందా మేడం?”

“పాప ఏడవడం లేదమ్మా. మీవారు ఎల్‌కేజీలోంచి లేవడం లేదు.”

హైమ చేతిలో ఎవరిదో రక్తం ఉంది, ఎదురుగా కొత్త మేనేజరు ఉన్నాడు. “నేను రాలేను మేడం, మనిషిని పంపిస్తా” అని చెప్పి, వాళ్లమ్మకి ఫోన్ చేసింది. మా అత్త అప్పటికే మా ఊరికొచ్చే బస్సులో ఉంది. ఆ వీడియో చూసిన రోజే సంచి సర్దుకుందట.

కాసేపటికి గుమ్మంలో మా అత్త ప్రత్యక్షమైంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అది నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

“అబ్బయా, లెయ్యి.”

“అత్తా, ఇంకొంచెం సేపుంటే అలవాటు...”

“లెయ్యి.”

లేచాను. నాతో పాటు బెంచీ కూడా లేచింది. మా అత్త ఒక చేత్తో బెంచీని అదిమి, ఇంకో చేత్తో నన్ను ఊడబెరుకుతూ, తండ్రులంతా వినేలా అంది: “పంట బాగా వచ్చినట్టుండాదే.”

ఆవిడ నన్ను గేటు బయటికి నడిపించుకొచ్చింది. చిన్ని ఏడుపు అందుకుంది. నా వెనకే తండ్రులంతా బయటికొచ్చారు, వాళ్ల వెనక వాళ్ల వాళ్ల ఏడుపులు వచ్చాయి. నేను లోపలికి పరుగెత్తబోతే అత్త చొక్కా పట్టుకుంది.

“బిడ్డ ఏడుస్తుందత్తా.”

“ఏడుస్తాది. హైమ గూడా ఏడిచింది. నువ్వైతే మీ టీచర్ని కరిచినావు. గమ్మునుండు.”

గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు కాసేపు గట్టిగా, తర్వాత ఊరికే మర్యాద కోసమన్నట్టు వినిపించింది. ఆ తర్వాత అన్ని గొంతులూ కలిసి ఏదో పాట పాడుతున్నాయి. అందులో చిన్ని గొంతు అందరికన్నా పైన ఉంది, అందరికీ తనే నేర్పిస్తున్నట్టు.

సాయంత్రం హైమ ఉద్యోగంతో సహా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూ జరిగిందంతా వాళ్లమ్మ నోట వింది. నేను వివరణ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

“గుంటలో నీళ్లు పెట్టకముందే రొయ్య పిల్లలకి గుంట అలవాటు చేసినావు బావా. నీకు ఎమ్మెస్సీ ఇచ్చిందెవురు?”

చరణ్ ఆవలించి, “నేను అప్పుడే అనుకున్నా” అన్నాడు.

“అనుకుంటే చెప్పలేదేం రా?”

“నువ్వు బెంచీలో కూసుంటే చూద్దామని.”

మా అత్త సోఫాలో కూర్చుని రిమోటు ఒళ్లో పెట్టుకుంది. నాలుగు రోజులు ఉంటానని వచ్చిన ఆవిడ దసరా దాకా ఉంది. చిన్ని మాత్రం నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని, పెద్దమనిషిలా బుజ్జగించింది.

“రేపటి నుంచి నువ్వు బడికి రాబాక నాన్నా. నువ్వు క్లాసులో మాట్లాడతావంట. నవ్వతావంట. టీచర్ వద్దనింది.”

ఆ సాయంత్రమే హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపు మీద ఆ బోర్డు రాయించారు. ఆ విధంగా నేను ఎల్‌కేజీలోంచి వెళ్లగొట్టబడ్డాను. అంత కింది తరగతి తప్పిన ఎమ్మెస్సీ ఈ జిల్లాలో ఇంకొకడు ఉంటాడని అనుకోను. ఆ రాత్రే గుంట గట్టు మీద నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, నీళ్లకి గాలి పట్టిస్తూ తిరుగుతున్న ఏరియేటర్ల సాక్షిగా ప్రమాణం చేశాను: ఒంటి మీద పెంకు లేని ఏ ప్రాణి మీదా ఇక నా చదువు ప్రయోగించను. నా చదువుకి ఇక మిగిలింది గుంటలో రొయ్యలే. వాటికి ఇంకో దారి లేదు పాపం.