తొమ్మిదడుగుల కాగితం

మరమగ్గాల పేట డిండోలిలో స్వరాజ్యం నడిపే ఫొటో స్టూడియో అంటే మేడ మీద పదడుగుల వెడల్పు గది. లాక్‌డౌన్‌కు ముందు పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు ఉండేవి. 2021 వానాకాలానికి పెళ్లిళ్లు సగమయ్యాయి. గదికి తాళం వేసి మళ్లీ మిల్లులో నూలు కండెలు చుట్టమని ఇంటిల్లిపాదీ చెప్పారు. ఆమె వినలేదు. అప్పుడే ఆన్‌లైన్‌లో చీరలమ్మే దేవదాస్ నమూనా ఫొటో ఒకటి అడిగాడు. కొంగు పూర్తిగా పరిచి చూపాలి, వెనక గోడ కనబడకూడదు, శనివారంకల్లా పంపాలి. నచ్చితే అతని చీరలన్నిటి ఫొటోల పనీ ఆమెకే. నచ్చకపోతే కండెలే.

ఫొటో సామాన్ల దుకాణంలో, వెనక తెరలా వేలాడదీయడానికి చిన్న గదికి నాలుగున్నర అడుగుల వెడల్పు కాగితం చుట్ట చాలన్నారు. స్వరాజ్యం అక్కడే తన కొంగును రెండు చేతులా చాచి పట్టుకుంది.

"ఇది నాలుగున్నరల పడ్తదా భయ్యా? తొమ్మిదే ఇయ్యి."

మగ్గాల ఇంట్లో పుట్టినదానికి కొంగు కొలత ఇంకొకరు చెప్పాలా?

తీరా తెచ్చాక చుట్ట మెట్ల మలుపు తిరగలేదు. బాల్కనీలోంచి లాగుదామని ఆమె తాడు కోసం వెళ్లింది. ఈలోగా మామ బక్కయ్య, నలభై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషి, కోడలికి సాయం చేయబోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సాయం. వసారాలో చుట్ట విప్పి, అంచుకు అంచు కలిపి, చీరను మడిచినట్టే మడిచాడు. ఆమె తిరిగొచ్చేసరికి నాలుగు మీటర్ల కాగితం మడతలు పడిపోయింది.

"గిట్లయితే మెట్లెక్కుతది బిడ్డా."

"అది కాయితం మామా, చీర గాదు. మడత పోదు."

"జర ఇస్త్రీ చేస్తే?"

ఆమెకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే శనివారం ఆగదు కదా. కత్తెర తెచ్చి మడతలు పడినంత మేర కోసి పక్కన పెట్టింది. మిగిలింది తాడు కట్టి పైకి లాగారు.

పైన ఇంకో చిక్కు. చుట్టకు అటూ ఇటూ స్టాండ్లు పెట్టే జాగా లేదు. దుకాణంవాళ్ల మాట నిజమేనని ఒప్పుకోవడానికి మాత్రం ఆమె సిద్ధంగా లేదు. బక్కయ్య గోడల వంక చాలాసేపు చూశాడు.

"నూలు బీముకు స్టాండు ఉంటదా?" అంటూ వెళ్లిపోయాడు.

పాత మగ్గం మీద, నూలు చుట్టి ఉండే పొడవాటి బీము ఆనే ఇనుప కొక్కేలు రెండు తెచ్చి ఎదురెదురు గోడలకు బిగించాడు. చుట్టలో పైపు దూర్చి వాటి మీద పెట్టాడు. లాగితే కాగితం మగ్గం మీది నూలులా మెల్లగా దిగింది.

శనివారం కూతురు హారతి చీర కట్టుకుని కొంగు పరిచి నిలబడింది. అటూ ఇటూ ఇంకా జానెడు కాగితం మిగిలింది. మర్నాడు దేవదాస్ కబురు పెట్టాడు: "సోమవారం నలభై చీరలు పంపుతున్న."

స్వరాజ్యం కోసిపెట్టిన ముక్కను గోడకు అంటించి, ముందు స్టూలు వేసింది.

"కూసో మామా."

"నాకెందుకు ఫొటో?"

"కాయితం మడిచింది నువ్వే గదా. కూసో."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఫొటోలో ఆయన తల వెనక మడత గీత స్పష్టంగా పడింది. కంప్యూటర్‌లో దాన్ని చెరపడం ఆమెకు రెండు నిమిషాల పని. చెరపలేదు.