పెద్దమ్మ టేపు కొస పట్టుకున్న ఇల్లు

మొన్న మా ఆఫీసుకు విదేశం నుంచి వచ్చిన అతిథులకు పల్లెటూరు చూపించే పని నా మీద పెట్టారు. హైటెక్ సిటీ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే, టికెట్టు కొని చూడవలసిన పల్లెటూరు ఒకటి ఉంది. అక్కడ సిమెంటు స్తంభాలకు కలప రంగు వేశారు. ఎర్రటి గోడను వేలితో తడితే బోలుగా మోగింది. అరుగు మీద ‘కూర్చోరాదు’ అని బోర్డు పెట్టారు. అతిథులు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటుంటే, నాకు మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

పెద్దమ్మ మా పెదనాన్న భార్య. ఆయన పోయాక నల్లగండ్లలోని మా భవంతి ఇల్లు ఆమె పేరు మీదికి వచ్చింది. మధ్యలో ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ టేకు స్తంభాల మీద పెంకుల కప్పు, అందులో మా రెండు కుటుంబాలు. వాన పడితే నాలుగు వైపుల నుంచీ నీళ్లు ధార కట్టి వాకిట్లో దూకేవి. ఎండాకాలం మధ్యాహ్నం గచ్చు మీద చెంప ఆనిస్తే చల్లగా, సున్నపు వాసన వేసేది. అప్పుడే నాకు అద్దాల మేడలో ఉద్యోగం వచ్చింది. ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పేవాణ్ణి కానీ, ఇంటి సంగతి ఎత్తేవాణ్ణి కాదు.

ఒకరోజు భవన నిర్మాణం చదువుతున్న అమ్మాయి ఒకతె ఇల్లు కొలుస్తానని వచ్చింది. రోడ్డు వెడల్పుకు వచ్చిందేమోనని పెద్దమ్మ ఇంటి కాగితాలు తీసుకెళ్లి బియ్యం కుండలో దాచింది. రెండోరోజుకు తనే టేపు కొస పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మూడోరోజు ఆ అమ్మాయికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటూ ఆ అమ్మాయి అన్నది, “దీన్ని ఇలాగే ఉంచండి పెద్దమ్మగారూ. ఇలాంటి ఇంట్లో రెండ్రోజులు ఉండాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారండి. వాళ్లను నేను తీసుకొస్తాను.”

అప్పటికే ఒక బిల్డరు మా నాన్న చుట్టూ తిరుగుతున్నాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. “సదువుకున్నోనివి, నువ్వే చెప్పు కొడకా. ఆ పిల్ల చెప్పినట్టు మంది వస్తరా? వస్తె ఇంత వండిపెట్టుడు నాకేం బరువు గాదు.”

నేను నవ్వాను. “మట్టిగోడలు చూస్తందుకు ఎవరొస్తరు పెద్దమ్మా?”

ఆమె మళ్లీ అడగలేదు. “ఇగ నీ ఇష్టం,” అని మరునాడు బిల్డరు తెచ్చిన కాగితాల మీద వేలిముద్ర వేసింది.

కూల్చే రోజు ఆమె ఎదురింటి నీడలో నిలబడి, “పెంకలు జర పైలంగ దించుండ్రి,” అని చెబుతూనే ఉంది. యంత్రం నడిపేవాడికి అది వినపడలేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

మా వాటాకు కొత్త ఫ్లాట్లు మూడో అంతస్తులో వచ్చాయి. పెద్దమ్మకు లిఫ్టంటే భయం, బాల్కనీ అంటే విసుగు. మెట్లు దిగివచ్చి, కార్లు పెట్టేచోట కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్లను పలకరించేది. ఎవరూ ఆగేవారు కాదు. అక్కడ కూర్చుంటే బాగుండదని చెప్పిందీ నేనే. “సరె తియ్,” అని కుర్చీ తనే మోసుకుని పైకి వచ్చింది. ఆ తర్వాత ఎక్కువగా పడుకునే ఉండేది. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

పోయిన ఏడు మా అమ్మాయి పాత ఇంటి బొమ్మ గీసిమ్మంటే పెన్సిలు పట్టుకున్నాను. స్తంభాలు ఎనిమిదని నేను, పది అని తమ్ముడు. వంటగది గుమ్మం ఎటు చూసేదో ఇద్దరికీ తెలియలేదు. కొలిచిన అమ్మాయి పేరైనా మేము అడిగి ఉంచుకోలేదు. ఆ ఇల్లు నేల మీద కూలడానికి ఒక పూట పట్టింది. మా లోపల అది కూలడానికి ఇన్నేళ్లు పట్టింది, ఆ చప్పుడు మాత్రం మాలో ఎవరికీ వినపడలేదు.