బానెట్టు మీద తూనీగ

పొద్దున కడిగిన నా నల్ల కారు మీద ఒక తూనీగ మాటిమాటికీ తోక ఆనిస్తుంటే మా మామ గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు వర్తూరు చెరువు దగ్గర ఆయన తూనీగలను ఫోటోలు తీసేవాడు. ఓరోజు ఎర్ర తూనీగ ఒకటి ఆయన కారు బానెట్టు మీద ఇట్లాగే తోకతో కొడుతోంది. మామ కెమెరా పక్కన పెట్టి, బానెట్టు మీద తువ్వాలు కప్పేశాడు.

"ఫోటో తియ్యి మామా! చెరువు ఆడుండాది కదా, ఇది ఈడేం చేస్తాండాది?"

"దానికీ తెలీలేదప్పా."

కారు మాసిపోతుందని కప్పాడనుకుని అలిగాను. మెరిసే రేకును నీళ్లనుకుని అది గుడ్లు పెడుతోందని పెద్దయ్యాక తెలిసింది.

ఇవాళ నేనూ తువ్వాలు తెచ్చి కప్పాను. తూనీగ కాసేపు అక్కడక్కడే తిరిగింది. తర్వాత పక్క కారు మీద తోక ఆనించింది.