జనరేటరు మీద క్లారినెట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే, అది ఇంకా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదని నా నమ్మకం. ఇరవై ఆరేళ్ల వయసు, తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు ఉద్యోగం, చొక్కా జేబులో రెండు పెన్నులు. (రెండోది రాసేది కాదు. జేబు నిండుగా కనపడాలని పెట్టుకునేవాణ్ని.) రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయింది. పాటలు సీడీల్లోకి, సీడీల్లోంచి కంప్యూటర్లలోకి వెళ్లిపోతున్నాయి. అలాంటప్పుడు నేను ఒక పాత రికార్డు ప్లేయరును బాగుచేయడానికి పూనుకున్నాను. బాగుచేసి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. దాన్ని మెరుగుపరిచాను.

ఆ ప్లేయరు మా పెదనాన్నది. ఆకివీడు దాటి కొల్లేరు వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో ఆయనకు మైకుసెట్టు ఉండేది. చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా, హిందువులదైనా, సాయిబులదైనా, మావంటి చర్చి వాళ్లదైనా, ఆయన పెట్టెలే మోగేవి. వాళ్లకు పిల్లలు లేరు. నన్ను పెంచింది ఆయనా, పెద్దమ్మా. పెదనాన్న దగ్గర రికార్డులు చాలా ఉండేవి గాని, అన్ని పెళ్లిళ్లలోనూ తప్పకుండా వేసేది ఒకటే. మాటలు లేని క్లారినెట్టు పాట. మాటలుంటే ఏ మతం వాళ్లకో ఒకరికి అభ్యంతరం వస్తుంది, క్లారినెట్టును కాదనేవాడు ఎవడు అనేవాడు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయనకు సీడీ ప్లేయరు కొనిచ్చి, "ఇంకా ఈ పాత సామానెందుకు పెదనాన్నా" అని ఆ మిషనును నా చేతులతోనే అటకెక్కించాను. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లకు పోయాడు.

ఆయన పోయి పది నెలలైనప్పుడు పెద్దమ్మ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. అంతకుముందు పది నెలల్లో ఆమె నాతో మాట్లాడినవన్నీ కలిపితే ఒక పేజీ ఉండదు.

"ఒరేయ్, సంవత్సరానికి జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాను. పాస్టరు గారితో చెప్పాను. ఆ రోజు ఆయన క్లారినెట్టు పాట వెయ్యాలి."

"సీడీ దొరుకుతుందేమో వెతుకుతాను పెద్దమ్మా."

"సీడీ కాదు. ఆ మిషను మీద, ఆ రికార్డే. నువ్వే ఎక్కించావుగా, నువ్వే దింపు."

దింపాను. ఎలుకలు దాని అడుగున కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి వెళ్లినట్టున్నాయి. మోటారులోని గ్రీజు మైనంలా బిగిసింది. పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం చేగోడీలా గట్టిపడింది. రికార్డు మాత్రం అట్టలో భద్రంగా ఉంది. మిషనును దుప్పటిలో చుట్టి, ఆకివీడులో ఏలూరు బస్సెక్కి ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు దుప్పటి అంచు ఎత్తి చూశాడు.

"గుడ్లు పొదిగించేదాండి?"

"కాదండి, పాటలు పాడేది."

"ఇంత బరువుండి పాటలేం పాడుతుందండి," అని ముందుకు వెళ్లిపోయాడు. పక్క సీటాయన మాత్రం దిగేదాకా అది కుట్టుమిషనేనని నమ్మి, తన చొక్కా బొత్తాం గురించి నాతో మాట్లాడాడు.

ఏలూరులో కాలువ పక్క సందులో ఒక సాయిబు గారు పాత రేడియోలు బాగుచేసేవారు. ఆయన మాట మెత్తన, పని నెమ్మది. మిషనును నాలుగు వైపులా చూసి, "గ్రీజు మార్చి, రబ్బరు చక్రం వేస్తే పాడుతుందండి," అన్నారు. అక్కడితో ఊరుకోవలసింది. కాని నేను గూడెంలో గంటకింతని ఇచ్చి ఇంటర్నెట్టు సెంటర్లో కూర్చుని చాలా చదివేసి ఉన్నాను. పాత ముల్లు కాదు, కొత్త రకం సన్న ముల్లు కావాలన్నాను. దాని చిన్న శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు కావాలన్నాను. ముల్లు రికార్డు మీద మల్లెపువ్వంత తేలిగ్గా ఆనాలన్నాను. సాయిబు గారు అన్నిటికీ "అలాగేనండి" అన్నారు. ముల్లును మోసే చేతి వెనక కట్టడానికి సరైన బరువు దొరక్కపోతే, వలల అడుగున కట్టే సీసం గుళ్లు మా ఊరినుంచి తెచ్చి, రెండున్నర గుళ్లు సరిపోతాయని తేల్చాను. (ఆ అర గుండు కోసం ఒక ఆదివారం పోయింది.) తర్వాత వేగం. గుండ్రటి కాగితం మీద లెక్క ప్రకారం గీతలు గీసి పళ్లెం మీద అంటించి, ట్యూబులైటు కింద తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. అవి నిలబడేదాకా సాయిబు గారి చేత మోటారు ఇరుసును నాలుగుసార్లు అరగదీయించాను.

"పాటే కదండి, ఇంత నిక్కచ్చిగా ఎందుకండి," అన్నారాయన ఒకసారి.

"పాట కాబట్టేనండి," అన్నాను. ఆ మాట నాకు చాలా నచ్చింది. బస్సులో మళ్లీ ఒకసారి అనుకున్నాను.

కూడిక ఇంకా వారం ఉందనగా ఒక మధ్యాహ్నం పెద్దమ్మకు పాట వినిపించాను. ఆమె వాకిట్లో కూర్చుని చిన్నచేపలు బూడిదలో రుద్దుతోంది. ఏవో ఏర్పాట్ల కోసం పాస్టరు గారు కూడా వచ్చి కుర్చీలో ఉన్నారు. ఆయన ఏలూరునుంచి మా చర్చికి కొత్తగా వచ్చినాయన. ముల్లు దించాను. క్లారినెట్టు మొదలైంది. అంత బాగా ఆ రికార్డు ఎన్నడూ మోగలేదు. వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు.

"ఎంత గంభీరంగా ఉందండి. జ్ఞాపకార్థ కూడికకి ఇంతకంటే తగిన పాట లేదండి."

పెద్దమ్మ చేప పక్కన పెట్టింది. "ఎవడ్రా వీడు?"

"అదే రికార్డు పెద్దమ్మా."

"వీడికి ఒంట్లో బాగోలేదు. మీ పెదనాన్న పాట ఇలా కాళ్లీడ్చుకుంటూ రాదు."

నేను కాగితం తెచ్చి పళ్లెం మీద పెట్టి, ట్యూబులైటు వేసి, మధ్యాహ్నం పూట పెద్దమ్మను ఇంట్లోకి పిలిచి చూపించాను. "చూడు, గీతలు కదులుతున్నాయా? కదలట్లేదు. అంటే వేగం సరిగ్గా ఉన్నట్టు."

"గీతలు కదలకపోతే నాకేమిట్రా లెక్చరరు గారూ. నా కాళ్లు కదలాలి గాని."

చేపల గిన్నె తీసుకుని లోపలికి వెళ్తూ అంది: "పోన్లే నాన్నా. నువ్వు చెయ్యగలిగింది చేశావు. కూడికలో ఏ పాటా వద్దు. అది ఆయనతోనే పోయుంటుంది."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మిషనును అటకెక్కించినప్పుడు పెదనాన్న కూడా ఇలాగే తిట్టకుండా నిచ్చెన పట్టుకున్నాడు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఏలూరు వెళ్లాను. జరిగినదంతా సాయిబు గారికి చెప్పాను. ఆయన టంకం పెట్టే కడ్డీ పక్కన పెట్టి అడిగారు.

"పెళ్లిళ్లలో మీ పెదనాన్న గారు కరెంటు మీద వేసేవారా అండి, జనరేటరు మీదా?"

"జనరేటరేనండి. మా ఊళ్లలో కరెంటును నమ్మి ఎవరూ పెళ్లి పెట్టుకోరు."

"జోరుగా తిప్పేవారా?"

తిప్పేవాడు. సీరియల్ లైట్లు తెల్లగా వెలగాలని జనరేటరును ఒక మెట్టు పైనే ఉంచేవాడు. జనరేటరు జోరు పెరిగితే కరెంటు కంపనాలు పెరుగుతాయి, అవి పెరిగితే ఆ మోటారూ జోరుగా తిరుగుతుంది, పాటా పరుగెడుతుంది. పాతికేళ్లపాటు ఆ ఊళ్లన్నీ క్లారినెట్టును పరుగులోనే విన్నాయి. ఇది నేను ఇంటరు రెండో సంవత్సరం వాళ్లకు చెప్పే పాఠమే. సాయిబు గారికి ఆ సంగతి తెలుసో లేదో గాని, మర్యాదగా అడిగారు.

"మీరు పిల్లలకి కరెంటు గురించి చెబుతారా అండి?"

"చెబుతానండి."

"బాగా అర్థమవుతుందా అండి వాళ్లకి?"

ఆయనే కాఫీ తెప్పించారు, తాగి వచ్చేశాను.

పెదనాన్న జనరేటరు ఎప్పుడో చేతులు మారిపోయింది. మా పక్కింట్లో ఒకాయన ఉండేవాడు, నేను చెరువు బాబాయి అనేవాణ్ని. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు ఆయన చెరువూ పోయింది. గట్టు మీద లైట్లకు వాడిన జనరేటరు మాత్రం పశువుల పాకలో మిగిలింది. అడగ్గానే లుంగీ ఎగ్గట్టాడు.

"దానికీ పని లేదు, నాకూ పని లేదు. ఎంత జోరుగా కావాలో చెప్పు."

"పెద్దమ్మ కాళ్లు కదిలేంత, బాబాయ్."

ఆయన దాన్ని దూరంగా కాలవ గట్టు మీద పెట్టి, వైరు లాగాడు. నేను తువ్వాలు ఊపితే జోరు పెంచేటట్టు, కూర్చుంటే తగ్గించేటట్టు ఒప్పందం చేసుకున్నాం. పెద్దమ్మ చర్చికి వెళ్లిన ఒక సాయంత్రం అంతా ఊపుతూ, కూర్చుంటూ, నా చిన్నప్పటి పాట చెవికి దొరికేదాకా సరిచూశాం. దారిన పోయేవాళ్లు నేను వ్యాయామం చేస్తున్నాననుకున్నారు. పెద్దమ్మకు చెప్పలేదు. ఇంకోసారి ఆశపెట్టి పోగొట్టే ధైర్యం లేదు. పాస్టరు గారికి మాత్రం పాట ఉందని చెప్పాను. ఆయన గంభీరమైన పాటేననుకున్నారు.

కూడిక రోజున షామియానా కింద రెండు వందల మంది దాకా ఉన్నారు. అటు పక్క వంటలు, బల్లలు. పాస్టరు గారు ప్రార్థన చేసి, "ఇప్పుడు వారి జ్ఞాపకార్థం ఒక వాద్యగీతం విందామండి. తర్వాత వాక్యం ధ్యానిద్దాం," అన్నారు. తువ్వాలు ఊపాను. గట్టు మీద జనరేటరు అందుకుంది. ముల్లు దించాను.

క్లారినెట్టు పరుగున వచ్చింది. మొదట వెనక వరుసలో ఒక ముసలాయన లేచాడు. తర్వాత ఆయన పక్కవాళ్లు. ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుని, పిల్లల్ని చంకనెత్తుకున్నారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ ఎవరినీ పిలవలేదు. వరుస తర్వాత వరుస లేచి, మర్యాదగా, బల్లల దగ్గరికి నడిచి, ఆకుల ముందు కూర్చున్నారు. వంటవాళ్లు కూడా పెళ్లిళ్లకు వండేవాళ్లే. అడక్కుండానే అన్నం గంపలు ఎత్తారు. పాస్టరు గారు తెరిచిన బైబిలుతో ఖాళీ కుర్చీల ముందు మిగిలారు.

"ఏవండీ, వాక్యం ఇంకా చెప్పలేదండి," అన్నారు.

ముసలాయన అన్నంలో గుంట చేసుకుంటూ జవాబిచ్చాడు. "పాట పడింది కదండి పాస్టరు గారూ. పడ్డాక కూర్చుంటే పెళ్లివారికి అవమానమండి."

"ఇది పెళ్లి కాదండి."

"నిజమేనండి," అన్నాడాయన, కొంచెం ఆలోచించి. "మీరు చెప్పండి, తింటూ వింటాం."

అప్పుడు తెలిసింది నాకు. చిన్నప్పుడు ప్రతి పెళ్లిలోనూ నేను మిషను పక్కనే కూర్చునేవాణ్ని. ముల్లు రికార్డు మీద నడవడం చూడడమే నా పని. ఆ పాటకు పందిట్లో ఏం జరుగుతుందో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. పెదనాన్న ఆ పాటను భోజనాల పిలుపుగా వేసేవాడు.

క్షమించమని అడుగుదామని పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె ముందువరుసలో ఒక్కతే కూర్చుని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే భుజాలు వేరే రకంగా కదులుతున్నాయి.

"జనరేటరు జోరు లైట్ల కోసం అని అందరికీ చెప్పేవాడు," అంది ఆపుకోలేక. "లైట్లు లేవు, ఏమీ లేవు. మైకుసెట్టు వాళ్లకి ఆఖరి బంతి కదా. పాట గబగబా సాగితే జనం గబగబా తింటారని, మా వంతు తొందరగా వస్తుందని, అలా తిప్పేవాడు."

"పెద్దమ్మా, నీకు తెలిసే అడిగావా?"

"పాట వినడానికి కాదురా. ఆయన పాట వేస్తే అంతమందీ ఒక్కసారి లేస్తారు చూడు, అది చూద్దామనే. అలా లేస్తుంటే వెనకాల ఆయన ఉన్నట్టే ఉంటుంది." ఖాళీ కుర్చీల వైపు చూసి, "ఉన్నాడు," అంది.

పాస్టరు గారు రెండో వడ్డనకీ మూడో వడ్డనకీ మధ్య వాక్యం చెప్పారు. చాలా బాగా చెప్పారు. చేపల పులుసు వల్ల కాస్త కురచగా. ఆఖరి బంతిలో పెద్దమ్మ, నేను, డీజిలు చేతులు కడుక్కుని వచ్చిన చెరువు బాబాయి కూర్చున్నాం. పులుసులో ముక్కలు లేవు. పెద్దమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఏడాదిలో ఆమె అలా తినడం నేను చూడలేదు.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. మిషను నా దగ్గరే ఉంది, ఆ రికార్డూ ఉంది. అపార్టుమెంటులో జనరేటరు నాకోసం ఎవరూ జోరుగా తిప్పరు కాబట్టి, ఎప్పుడైనా ఆదివారం మామూలు కరెంటు మీదే వేసుకుంటాను. క్లారినెట్టాయన నింపాదిగా, లెక్కకు సరిగ్గా, ఊపిరి తీసుకుంటూ వాయిస్తాడు. ఒకప్పుడు ఆ వేగం కోసం సాయిబు గారిని అంత వేధించిన లెక్చరరు ఇప్పుడు సగం పాటకే లేచి, వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఏముందో మూత తీసి చూస్తున్నాడు. ఆకలై కాదు. పాట పడ్డాక కూర్చోవడం బాగుండదని.