నేనింకా కూర్చోలేదు

హెడ్లీ బూత్‌రాయిడ్‌కి ఏ సంగతైనా ఒక్కసారి చెబితే బుర్రకెక్కదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. కాలేజీలో మొదటిరోజు ఎవరి పేర్లు వాళ్ళు చెప్పుకుంటూ ఉంటే, ఆయనే లేచి నిలబడి చాటాడు.

"నా పేరు హెడ్లీ. యాభై ఎనిమిదేళ్ళు. ఈ హడర్స్‌ఫీల్డ్ రోడ్ల మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తోలాను. ఏదైనా నాకు కనీసం రెండుసార్లు చెప్పాలి. మూడైతే మరీ మంచిది."

పద్నాలుగు మంది ఉన్న ఆ క్లాసంతా నవ్వింది. వెనక వరసలో, గది వెచ్చబెట్టే గొట్టాల పక్కన కూర్చున్న ఎనిడ్ హర్స్ట్ మాత్రం నవ్వలేదు. హమ్మయ్య, నాకన్నా మొద్దు ఇంకొకరున్నారు అనుకుంది.

అది యాక్సెస్ కోర్సు. ఎప్పుడో బడి మానేసి పనుల్లో, సంసారాల్లో పడ్డవాళ్ళని ఒక్క ఏడాదిలో యూనివర్సిటీ గడప దాకా తెచ్చి నిలబెట్టే చదువు. ఎనిడ్ తన పదిహేనో ఏట ఒక శుక్రవారం బడి మానేసి, సోమవారానికల్లా ఉన్ని మిల్లులో తెగిన పోగులు ముడివేసే పనిలో చేరింది. ఆ తర్వాత పెళ్ళి, ఇల్లు, వంట. ఇప్పుడు యాభై ఒకటి. భర్త నార్మన్ పోయి ఏడాదిన్నర.

ఆయన ఆసుపత్రిలో ఉన్న పద్నాలుగు వారాలూ డాక్టర్లు వచ్చి ఏవేవో చెప్పేవారు. చివర్న, "అర్థమైందా మిసెస్ హర్స్ట్?" అనేవారు. "అయిందండి" అనేది ఎనిడ్. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నార్మన్ ఆవిడ మొహంలోకి చూసేవాడు, ఆవిడ దుప్పటి సర్దేది. అందుకే చదువుకోవాలనుకుంది. చదువుకుని, ఆసుపత్రిలో అలాంటివాళ్ళ పక్కన కూర్చుని, డాక్టరు చెప్పింది మామూలు మాటల్లో విప్పిచెప్పే ఉద్యోగం చెయ్యాలని. నవ్వుతారని ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తానే ఒక షరతు మాత్రం పెట్టుకుంది. ఒక్క పాఠం అర్థం కాకపోయినా లేచి ఇంటికి పోవడమే. అందుకని క్లాసులో కోటు విప్పేది కాదు. సంచి ఒళ్ళోనే ఉండేది. బస్సు తిరుగు టికెట్టు చేతి తొడుగులోనే ఉండేది.

మిస్ పాజెట్ టీచరుకి ఇరవై ఎనిమిదేళ్ళు. మనసు వెన్న, నోరు మాత్రం రైలు. ఆవిడకి మాట ముందు వస్తుంది, ఊపిరి తర్వాత వస్తుంది. ఆ మొదటిరోజే వాదన, ప్రతివాదన, ఆధారం, ఉపసంహారం అంటూ బోర్డు నిండా బాణాలు గీసేసింది. ఎనిడ్‌కి చెవుల్లో హోరు. కుర్చీలోంచి సగం లేచింది కూడా.

అప్పుడు ముందు వరసలోంచి గొంతు వినిపించింది.

"ఆగు తల్లీ! నేనింకా కూర్చోలేదు."

మిస్ పాజెట్ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "మీరు కూర్చునే ఉన్నారు కదా, మిస్టర్ బూత్‌రాయిడ్?"

"ఒళ్ళు కూర్చుంది. బుర్ర నిలబడే ఉంది. ఇప్పుడు బండి కదిలిందంటే పడిపోతా."

గదంతా గొల్లుమంది. మిస్ పాజెట్ ఎర్రబడి, మళ్ళీ మొదటినుంచి, ఈసారి నెమ్మదిగా చెప్పింది. ఎనిడ్ కూర్చుంది.

ఆ రోజునుంచి అదే వరస. పాఠానికి మూడుసార్లయినా "నేనింకా కూర్చోలేదు" అనందే హెడ్లీకి పొద్దుపోదు. లైబ్రరీలో పుస్తకాల నంబర్లు ఎలా చూడాలో నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగోసారికి లైబ్రరీ ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పింది, ఆయన వెనక నిలబడ్డ తొమ్మిదిమందికీ నోటికొచ్చేసింది. నిప్పు అంటుకుంటే ఏ తలుపులోంచి పారిపోవాలో మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఇంకోసారి అడిగి ఉంటే కాపలా ఆయనే నిప్పంటించి చూపించేవాడు.

ఇది చాలదన్నట్టు, ఆయన బల్లకో అద్దం. అరచేతికన్నా కాస్త పెద్దది. బస్సు మానేసేటప్పుడు డిపోవాళ్ళు ఇచ్చారట. దాన్ని బల్ల అంచుకి మరతో బిగించాడు. కాపలా ఆయన రెండుసార్లు ఊడదీశాడు, హెడ్లీ రెండుసార్లూ మళ్ళీ బిగించాడు. పాఠం జరుగుతున్నంతసేపూ జేబులోంచి దువ్వెన తీయడం, అద్దంలోకి చూడటం, తల దువ్వుకోవడం.

"తలమీద ఉన్నవి పదకొండు వెంట్రుకలు. నేను లెక్కపెట్టాను" అనేది గ్లెనిస్. ఆవిడ జుట్టు కత్తిరించే కొట్టు నడిపేది, కత్తెరకన్నా నాలుకే పదును. "వాటికో దువ్వెనా, వాటికో అద్దమూ! ఈయన బస్సెక్కినవాళ్ళు ఏ ఊళ్ళో దిగారో పాపం."

"పదకొండుకీ ఒక్కొక్క దానికి ఒక్కో పేరుంది గ్లెనిసమ్మా" అనేవాడు హెడ్లీ. "పాతిక పెన్నీలిస్తే పరిచయం చేస్తా."

అక్టోబరులో చదవాల్సిన పుస్తకాల పట్టీ ఇచ్చారు. ఇరవై రెండు పుస్తకాలు. ఇచ్చారంటే చదవాలి కదా అనుకుంది ఎనిడ్. వాటిలో లైబ్రరీలో దొరికినవన్నీ పట్టుకుని, కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచిలో కూరి, రెండు ట్రిప్పులు వేసి ఇంటికి చేర్చింది. మొదటి పుస్తకం మొదటి పేజీలో, అచ్చువేసినవాళ్ళ చిరునామా దగ్గరనుంచి మొదలుపెట్టింది. తొమ్మిదిరోజులకి నలభై పేజీలు అయ్యాయి. ఈ లెక్కన తను యూనివర్సిటీకి డెబ్బయ్యో ఏట వెళ్తుంది. రేపటితో మానేద్దామని నిశ్చయించుకుంది.

మర్నాడు క్లాసులో హెడ్లీ చెయ్యెత్తాడు.

"ఆగు తల్లీ, నేనింకా కూర్చోలేదు. ఈ ఇరవై రెండూ మొత్తం చదవాలా?"

మిస్ పాజెట్ అదిరిపడింది. "అయ్యో, అన్నీ ఎవరు చదవమన్నారు? ఏవో రెండు మూడు తీసుకుని, వాటిలో కావలసిన అధ్యాయం చూడండి. పుస్తకం చివర్న పదాల పట్టీ ఉంటుంది, అందులో వెతుక్కోండి."

"చూశారా, నేను ఎంత వెర్రివాణ్ణో!" అని హెడ్లీ తల దువ్వుకున్నాడు. అందరూ నవ్వారు. ఎనిడ్ కూడా నవ్వింది, నెలరోజుల్లో మొదటిసారి. బస్టాపు దగ్గర చక్రాల సంచితో తను పడ్డ అవస్థ, పుస్తకాలు మోసుకెళ్ళిన సాయంత్రం, రోడ్డుకి అవతలనుంచి హెడ్లీ చూశాడన్న సంగతి ఆవిడకి తట్టనేలేదు.

పైగా ఆయన మీద జాలేసింది. బుర్రకి బలమని పార్కిన్ కేకు చేసి తెచ్చింది, అల్లం దట్టించి. మధ్యాహ్నాలు క్యాంటీన్‌లో ఆయనకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

"సగటు అంటే ఏమిటో ఇంకోసారి చెప్పండి మిసెస్ హర్స్ట్."

"నిన్ననే చెప్పాను కదండీ!"

"నిన్న వేరే కేకు."

మళ్ళీ చెప్పేది. మూడోసారి చెప్పేటప్పటికి తనకే కొత్తగా ఏదో వెలిగేది. ఆయన నిదానంగా కేకు తింటూ, "మీరు చెబితే బాగుంటుందమ్మా" అనేవాడు. మనిషి మంచివాడే, ఏం లాభం, పరీక్ష తప్పుతాడు అని దిగులుపడేది ఎనిడ్. తన సంగతి కాసేపు మరిచిపోయేది.

ఫిబ్రవరిలో గడ్డకట్టే చలి. ఆ గురువారం హెడ్లీ రాలేదు. చెల్లెలింట్లో నీళ్ళ గొట్టం పగిలిందని కబురు పంపాడు. ఆరోజు పాఠం ప్రామాణిక విచలనం. పేరు వినగానే వెనక వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి పెట్టేశాడు. వారంలో పరీక్ష. ఆ పరీక్ష గట్టెక్కితేనే యూనివర్సిటీ నుంచి పిలుపు. మిస్ పాజెట్ ఒక్క ఊపిరిలో బోర్డు నింపేసి, చేతులు దులుపుకుని అడిగింది.

"అందరికీ అర్థమైందా?"

పదమూడు మందీ ముందు వరసలో ఖాళీ కుర్చీ వైపు చూశారు. కుర్చీ ఏమీ మాట్లాడలేదు.

"అయితే తర్వాతి పాఠానికి వెళ్దాం..."

అర్థమైందా మిసెస్ హర్స్ట్? అయిందండి. ఎనిడ్‌కి ఆ ఆసుపత్రి గది, ఆ దుప్పటి అంచు కళ్ళముందు కదిలాయి. చెయ్యి సంచి మీదికి పోయింది. ఇదే ఆ రోజు, ఇక లేవాలి అనుకుంది. లేచింది కూడా. తీరా లేచాక, నోట్లోంచి వేరే మాట ఊడిపడింది.

"ఆగు తల్లీ! నేనింకా కూర్చోలేదు."

ఆ వెంటనే, టైరులోంచి గాలి పోయినట్టు, పన్నెండు మంది ఒక్కసారి ఊపిరి వదిలారు.

"నేనూ కూర్చోలేదు!" అంది గ్లెనిస్. "ఒట్టు, ఆ బోర్డు మీద ఒక్క ముక్క తెలిస్తే నా జుట్టు నేనే గొరిగించుకుంటా."

మిస్ పాజెట్ బోర్డునీ, క్లాసునీ, ఖాళీ కుర్చీనీ మార్చి మార్చి చూసింది. అంతా తుడిచేసింది. "సరే. రెండు బస్సు రూట్లు అనుకోండి" అంది. "ఒక రూట్లో పది నిమిషాలకో బస్సు ఠంచనుగా వస్తుంది. రెండోదాంట్లో అరగంట ఏమీ రాదు, తర్వాత మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సగటు రెండింటికీ ఒకటే, పది నిమిషాలు. కానీ చలిలో నిలబడేవాళ్ళకి ఒకటేనా?"

"కానే కాదు!" అన్నారు అందరూ. ఆ ఊళ్ళో ఆ బాధ పడనివాళ్ళు లేరు.

"ఆ తేడాని కొలిచేదే ఇది."

ఎనిడ్‌కి మొహం మీద ఆవిర్లు కమ్మాయి. సెప్టెంబరునుంచి మొదటిసారి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. బోర్డు దగ్గరగా కనిపిస్తుందని కాగితాలు పట్టుకుని వెళ్ళి హెడ్లీ కుర్చీలో కూర్చుంది. జుట్టు చెదిరిందేమోనని ఆయన అద్దంలోకి చూసింది.

అందులో ఆవిడ మొహం లేదు. తల ఎటు వంచినా రాలేదు. మొదట గ్లెనిస్ కనిపించింది, ఆవిడ వెనక కళ్ళజోడాయన. అద్దం సరిగ్గా నడిమధ్యలో, వెనక వరసలో, గొట్టాల పక్కన ఒక ఖాళీ కుర్చీ, దాని మీద ఒక గోధుమరంగు కోటు.

మంగళవారం హెడ్లీ వచ్చేసరికి ఎనిడ్ గుమ్మంలోనే కాసుకుని ఉంది.

"ఆ అద్దంలో మీ తల కనపడదేం?"

హెడ్లీ దువ్వెన తీశాడు. "కనపడకపోవడమే మంచిది కదమ్మా. చూస్తే దిగులు."

"మాట తప్పించకండి. సగటు మీకు ముందే వచ్చు కదా?"

"కాలపట్టికలు చూసి బతికినవాణ్ణి, సగటు రాకపోతే ఎలా?" అన్నాడు నీళ్ళు నములుతూ. "చేరిన కొత్తల్లో ఒకసారి తొందరపడి బండి కదిపాను. ఒక పెద్దావిడ ఇంకా నిలబడే ఉంది, పడి మణికట్టు విరిగింది. ఆనాటినుంచి అద్దంలో చివరి మనిషి కూర్చోవడం చూడందే బండి కదపలేదు. అలవాటైపోయింది. అయినా మిసెస్ హర్స్ట్, మీరు ఆర్నెల్లు కోటుతో నిలబడితే నా మెడ పట్టేయదూ?"

"మరి నా కేకులు?"

"కేకుల విషయంలో నాది నిజాయితీ" అన్నాడు హెడ్లీ.

ఎనిడ్ పరీక్ష గట్టెక్కింది. మార్చిలో యూనివర్సిటీవాళ్ళు పిలిచారు. బల్ల అవతల కూర్చున్న ముగ్గురిలో పెద్దాయన చాంతాడంత ప్రశ్న అడిగాడు. "అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి" అంది ఎనిడ్. ఆయన రెండోసారి మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "నిజానికి నాకూ అర్థం కాలేదు" అని నవ్వేశాడు. సీటు ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చినరోజు ఎనిడ్ దాన్ని నార్మన్ ఫోటో ముందు పెట్టి, గట్టిగా రెండుసార్లు చదివి వినిపించింది. మూడోసారి చదవక్కర్లేకపోయింది.

జూన్‌లో మార్కుల పట్టీ గోడకి అంటించారు. లెక్కల్లో మొదటి పేరు హెడ్లీ బూత్‌రాయిడ్. గ్లెనిస్ ఆ పేరు మూడుసార్లు చదివి, "నేనింకా కూర్చోలేదు" అని అక్కడే మెట్ల మీద చతికిలబడింది.

అక్టోబరులో యూనివర్సిటీలో ఇద్దరికీ మొదటి పాఠం. మెట్లు మెట్లుగా పెద్ద హాలు, రెండువందల మంది, అందరూ నిన్నమొన్న బడి ముగించినవాళ్ళు. హెడ్లీ ముందు వరసలో కూర్చుని బల్లకి అద్దం బిగించాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొహం చిన్నబోయింది.

"ఇంతమంది ఇందులో పట్టరు ఎనిడమ్మా. ఇది రెండంతస్తుల బండి."

పక్కనే కోటు విప్పి కూర్చున్న ఎనిడ్ సంచి తెరిచి, నార్మన్ గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం తీసింది. దాని స్టాండు విప్పి బల్ల మీద నిలబెట్టి, నెమ్మదిగా పక్కకి వంచింది.

"ఎడమవైపు మీది. కుడివైపు నాది."

కుర్ర లెక్చరరు వచ్చాడు. నమస్కారం కూడా సగమే పెట్టి పాఠంలోకి దూకాడు, మిస్ పాజెట్ కన్నా వేగం. ఎనిడ్ అద్దంలో, తొమ్మిదో వరస చివర్న, ఎర్రజుట్టు అమ్మాయి ఒకతె కలం ఆపేసింది. చెయ్యి మెల్లగా సంచి వైపు పోతోంది.

ఎనిడ్ చెయ్యెత్తింది.

"ఆగు నాయనా! నేనింకా కూర్చోలేదు."

లెక్చరరు బిత్తరపోయాడు. "మీరు... కూర్చునే ఉన్నారు కదండీ?"

హెడ్లీ గబగబా తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు.

"ఒళ్ళు కూర్చుంది నాయనా" అంది ఎనిడ్.